చూపించని రెండు ముక్కలు

"నేనే చంపాను" అని అట్రాక్టా గార్వీ మూడోసారి అనేసరికి డిటెక్టివ్ సార్జెంట్ ఊనా టార్పీ కలానికి మూత పెట్టేసింది.

ఎనిస్‌లోని ఆ హోటల్ వాళ్ళు విచారణకి ఇచ్చింది పెళ్ళి కుర్చీలు పేర్చిపెట్టుకునే గది. దానికి కిటికీ కూడా లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఊనా అందులోనే కూర్చుని పేకాటగాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడింది. మొహంలో ఏమీ కనపడనివ్వకుండా మాట్లాడటం వృత్తిగా నేర్చుకున్న మనుషులు వాళ్ళు. వాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆమెకి ఒళ్ళు పులిసిపోయింది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం ఆ విద్య బొత్తిగా రాదు.

"ఎలా చంపారో చెప్పండి" అంది ఊనా.

"వెళ్తే వెళ్ళు అన్నాను. ఆ వెనక మెట్ల దగ్గర. అన్నేళ్ళు కాపురం చేసి ఆఖరికి నేనన్న మాట అది."

"తోశారా?"

"తోయడం దేనికి? అది చాలదూ?"

తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, డ్యూటీకి ఆలస్యమవుతోందని "సాయంత్రం వస్తాలే" అంటూ కోటు తొడుక్కుని వెనక్కి చూడకుండా వచ్చేసిన రోజొకటి ఊనాకీ ఉంది. అది ఆఖరిమాట అవుతుందని తెలిస్తే ఇంకో మాట వెతుక్కునేది. అందుకే అట్రాక్టాని గట్టిగా అడగడానికి ఆమెకి నోరు రాలేదు. నెమ్మదిగా, మొదటినుంచీ చెప్పించింది.

అట్రాక్టా భర్త ఫింటన్ గార్వీ. ఐర్లండులో పోకర్ ఆడేవాళ్ళందరూ ఎరిగిన మనిషి. ఏడాదిగా ఇద్దరూ వేరువేరుగా ఉంటున్నారు. నిన్న ఆమె అతన్ని ఇంటికి రమ్మని పిలవడానికి కిల్కీ నుంచి బస్సులో వచ్చింది. ఆ హోటల్లో జరుగుతున్న పోకర్ టోర్నమెంటు మధ్య విరామంలో వెనక మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. ఈ ఆట అయ్యాక వస్తానన్నాడు. ఏ ఆటకైనా అదే మాట అంటాడు కాబట్టి ఆమెకి కోపం వచ్చింది. వెళ్తే వెళ్ళు అని కిందకి దిగిపోయింది. బస్టాండులో కూర్చుని ఏడ్చింది. అక్కడ ఆమెని చూసినవాళ్ళెవరూ లేరు. రెండు గంటల తర్వాత అవే మెట్ల అడుగున ఫింటన్ మెడ విరిగి పడున్నాడు. పడిన తీరు చూసిన డాక్టరు, తూలి పడలేదు, ఎవరో ఛాతీ మీద చెయ్యేసి తోశారని తేల్చాడు.

"ఆయన ఇంకేమైనా అన్నాడా? చిన్న మాటైనా సరే."

అట్రాక్టా గుర్తు చేసుకుంది. "రేపటికల్లా ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకుంటాను, అట్రాక్టా. వాడి చేతిలో ఈ ఆట పాడైపోతోంది, చూస్తూ ఊరుకోలేను అన్నాడు. ఎవరని నేను అడగలేదు. ఆయన స్నేహితుల మీద నాకేం ప్రేముంది?"

అప్పుడే తలుపు తోసుకుని జార్లత్ క్విర్క్ లోపలికొచ్చాడు. టోర్నమెంటు నడిపేది ఆయనే. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. ఫింటన్ పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకుగా నిలబడ్డది కూడా ఆయనేనట. పళ్ళెంలో టీ, హ్యామ్ శాండ్‌విచ్చి తెచ్చి, రెండు ముద్దలైనా తినమని అట్రాక్టాని చిన్నపిల్లని బతిమాలినట్టు బతిమాలాడు. ఆయన వెనకే ఇన్‌స్పెక్టర్ కోల్మ్ ప్రంటీ తల లోపలికి పెట్టి, ఊనాని బయటికి రమ్మని సైగ చేశాడు.

ప్రంటీ డబ్లిన్ నుంచి నిన్న సాయంత్రమే దిగాడు. ఊనా కంటే పదిహేనేళ్ళు చిన్న, ఆమె కంటే హోదాలో పెద్ద. ఖాళీ దొరికితే ఫోనులో పోకర్ ఆడుకునే మనిషి కావడంతో, ఈ కేసు తనకోసమే పుట్టిందని అతని నమ్మకం.

"చంపానని తనే ఒప్పుకుంటోంది. ఇంకేం కావాలి ఊనా గారూ? పాటగా కట్టి పాడాలా?"

"అది ఒప్పుకోవడం కాదు సార్. ఏడుపు."

"కోర్టులో రెండూ ఒకేలా వినపడతాయి. సాయంత్రం ఆరింటికి ఆమె మీద హత్యానేరం నమోదు చేస్తున్నాను. మీరు ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి. మీ మొహం చూస్తే నాకే నిద్రొస్తోంది."

ఊనా కదల్లేదు. ఆట జరిగిన హాల్లో ఉన్నవాళ్ళెవరూ ఆ పని ఎందుకు చేసుండరో ఇంకొక్కసారి వివరంగా చెప్పమని అడిగింది. ప్రంటీ నిట్టూర్చి, మొద్దుపిల్లకి లెక్క చెప్పే మాస్టారిలా మొదలుపెట్టాడు.

ఇంకొక్కరు ఓడిపోతే మిగిలినవాళ్ళందరికీ బహుమతి ఖాయమయ్యే దశ అది. అప్పుడు నాలుగు టేబుళ్ళూ ఒక్కో ఆటని, అంటే ఒక్కో పంపకాన్ని, ఒకేసారి ఆడాలి. ఒక టేబుల్ దగ్గర ముందే అయిపోతే, మిగతావాటి దగ్గర అయ్యేదాకా వాళ్ళు ఆగాలి. అలాంటి ఒక ఆటలో ఫింటన్ ముక్కలు పడేసి సిగరెట్టుకి బయటికెళ్ళాడు. తర్వాతి ఆటకి ముక్కలు పంచేటప్పుడు అతని కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీకి కూడా రెండు ముక్కలు వేసి, వెంటనే తీసేసుకోవడం ఆ ఆటలో నియమం. అలాగే చేశారు. మిగతా కుర్చీలన్నిట్లోనూ మనుషులున్నారు. అంటే అతను లేచి వెళ్ళాక, ఆ తర్వాతి పంపకానికి ముందే చనిపోయాడు.

"మామూలుగా ఒక ఆట రెండు నిమిషాల్లో అయిపోతుంది" అన్నాడు ప్రంటీ. "మెట్లదాకా వెళ్ళి రావడానికే అంతకు రెట్టింపు పడుతుంది. ఆ దశలో ఒక ఆట తప్పిపోతే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే. ఏ పేకాటగాడూ అంత తెగించడు. కాబట్టి బయటి మనిషే."

"కానీ ఆ ఆట ఎనిమిది నిమిషాలు నడిచిందిగా."

"నడిచింది. లోర్కన్ షీడీ ఆలోచిస్తూ కూర్చున్నాడు కాబట్టి. అంతసేపు కూర్చుంటాడని ముందుగా ఎవరికి తెలుసు?"

"షీడీకి తెలుసు."

ప్రంటీ నవ్వాడు. "షీడీ కుర్చీలోంచి లేవలేదు. ఇరవైమంది చూశారు."

"లేచాడని నేననలేదు సార్."

ఆ మాట అతనికి నచ్చలేదు. షీడీ ఆలోచన ఎంత గొప్పదో చెప్పడం మొదలుపెట్టాడు. పోకర్‌లో మనిషికి రెండే ముక్కలు మూసి ఇస్తారు. ఎవరైనా పందెం ఒక్కసారిగా పెంచేశారంటే, ఆ పెంపుని బట్టి అవతలి రెండు ముక్కలేవో చదువుకోవాలి. ఆ ఆటలో పంచుతుండగానే ఒక ముక్క తిరగబడి కళావరు రాజు అందరికీ కనపడిపోయింది. దాన్ని లెక్కలోంచి తీసి పక్కన పెట్టేశారు. తర్వాత షీడీ పందెం కాస్తే, ఎదురుగా ఉన్న ఇటా మెక్‌నామీ అనే ముసలావిడ తన దగ్గరున్నదంతా ముందుకు తోసేసింది. ఇటా అలా తోసిందంటే ఆసుల జత ఉన్నట్టే. ఈ సంగతి కార్క్ నుంచి డొనెగాల్ దాకా అందరికీ తెలుసు. షీడీ చేతిలో రాజుల జత ఉంది. ఆసుల తర్వాత అంతకంటే పెద్ద జత లేదు. దాన్ని పడేయడానికి గుండె కావాలి. ఎనిమిది నిమిషాలు నరకం పడి చివరికి పడేశాడు.

"నేనైతే పడేయలేకపోయేవాణ్ణి" అన్నాడు ప్రంటీ, కేసు మాటే మరిచిపోయి.

"ఆ ముసలావిడ దగ్గర నిజంగా ఆసులున్నాయా?"

"నేనే అడిగాను. ఉన్నాయంది."

ఊనా అతన్ని అక్కడే వదిలేసి హాల్లోకి వెళ్ళింది. టేబుళ్ళ మీద పందెం కాసే చిప్స్ బిళ్ళల దొంతరలు నిన్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు కప్పి. ఇటా కూర్చున్న కుర్చీ వెనకగా, వంటవాళ్ళు తిరిగే నడవాలోకి ఒక చిన్న తలుపుంది. ఊనా ఆ తలుపులోంచి బయటపడి, మోకాళ్ళు పట్టుకుంటూ నడవా చివరిదాకా నడిచింది. అక్కడ సిగరెట్లు కాల్చుకునే చిన్న వరండా, దాని పక్కనే వెనక మెట్లు. కింద సిమెంటు మీద సుద్దగీత ఇంకా చెరగలేదు. మెట్ల పైన రైలింగు మనిషి నడుము దాటి ఉంది, తూలితే ఆపేటంత ఎత్తు. ఫింటన్ రైలింగు మీదుగా పడలేదు. మెట్ల అంచున నిలబడి, ఎదుటి మనిషికేసి తిరిగి మాట్లాడుతూ వెనక్కి పడ్డాడు. తెలియని వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎవరూ మెట్లకి వీపు పెట్టి నిలబడరు.

మళ్ళీ హాల్లోకి వచ్చేసరికి ఆమెకి ఆయాసం వచ్చింది. ప్రంటీ చెప్పింది నిజమే, మామూలు ఆటలో ఇది కుదరదు. ఎవరో ఆటని పట్టి ఆపితేనే కుదురుతుంది.

లోర్కన్ షీడీ హోటల్ ముందరి మెట్ల కింద సోఫాలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నలభై ఏళ్ళ లావుపాటి మనిషి. నిన్న చెప్పిన కథే ఇవాళా చెప్పాడు, అదే వరసలో, అవే చోట్ల ఆగుతూ. వింటున్న ఊనాకి చర్చిలో జపం వింటున్నట్టు అనిపించింది.

"ఏ రాజులు?" అని అడిగింది, కథ మధ్యలో.

"ఏంటి?"

"మీ చేతిలో ఉన్న రాజులు. ఏ రంగులవి?"

"ఆఠీన్... ఇస్పేటు" అన్నాడు షీడీ. తర్వాత రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. హాల్లో చలికి అందరూ కోట్లు వేసుకునే ఉన్నారు.

ఇటా మెక్‌నామీ బార్‌లో ఒక మూల కూర్చుని, కూరగాయల సూపులో సోడా బ్రెడ్డు ముంచుకు తింటోంది. రాస్‌కామన్ ఊళ్ళో ఒకప్పుడు మంత్రసాని. డెబ్బై దాటినా కళ్ళజోడు లేదు. ఊనా అనుమతి అడక్కుండానే ఎదురుగా కూలబడింది.

"కాళ్ళు పైకి పెట్టుకో తల్లీ. వాచాయి" అంది ఇటా, సూపు మీంచి తలెత్తకుండానే.

"నిన్నటి ఆటలో మీ చేతిలో ఏమున్నాయి?"

"ఆ డబ్లిన్ అబ్బాయికి చెప్పాను కదా. ఆసులు."

"ఆయనకి చెప్పారు. ఇప్పుడు నాకు చెప్పండి."

ఇటా చెంచా పక్కన పెట్టి ఆమెకేసి చూసింది. పందెం పెంచిన మనిషిని చూసినట్టే చూసింది.

"డబ్బు పెట్టని మనిషికి ముక్కలు చూపించరు. షీడీ పెట్టలేదు. కాబట్టి చూడలేదు. ఈ ఆటలో మర్యాద అది. నువ్వు ఆడవా?"

"మా ఊరి చర్చి హాల్లో ఇరవై అయిదు అనే పేకాట ఆడేదాన్ని. గెలిస్తే క్రిస్మస్‌కి టర్కీ కోడి ఇచ్చేవాళ్ళు."

"గెలిచావా?"

"ఒక్కసారి కూడా లేదు."

ఇటా నవ్వింది. ఊనాకి నవ్వడానికి ఓపిక లేదు. "ఇటా గారూ, నా దగ్గర పెట్టడానికి డబ్బు లేదు. అట్రాక్టా గార్వీ ఉంది. ఆరింటికి ఆమెని జైల్లో పెడతారు. మొగుణ్ణి చంపిందని. ఆమె కాదనదు కూడా. ఆ మనిషికి ఇప్పుడు ఏమైనా ఒకటే."

ఇటా సూపు గిన్నె పక్కకి జరిపింది. ఆవిడ ఏం పోగొట్టుకోబోతోందో ఊనాకి మెల్లగా అర్థమైంది. ఇటా కదిలిందంటే ఆసులే అని దేశం చేత అనిపించుకోవడానికి ఆవిడకి సగం జీవితం పట్టింది. ఆ పేరు చూసే మనుషులు ముక్కలు పడేస్తారు, ఆవిడ చేతిలో ఏమున్నా సరే. పింఛను కాక ఆవిడ సంపాదించుకునేదంతా ఆ పేరుతోనే.

"ఇది నీ దగ్గరే ఉంటుందా?"

"ఉండదు. కోర్టులో నిలబడి మీరే చెప్పాలి."

"అందరూ వింటారన్న మాట." ఇటా బ్రెడ్డు ముక్క తుంచి, తినకుండా పళ్ళెం అంచున పెట్టింది. "పోనీలే. వయసు కూడా అయింది. రాజులు. ఆఠీన్ రాజు, డైమండ్ రాజు."

ఊనా కళ్ళు మూసుకుంది. పేకలో రాజులు నలుగురే. కళావరు రాజు అందరి కళ్ళ ముందే పక్కకెళ్ళిపోయాడు. ఇద్దరు ఈవిడ దగ్గరున్నారు. మిగిలింది ఒక్క ఇస్పేటు రాజు. షీడీ చేతిలో రాజుల జత ఉండే వీలే లేదు. అందరిలాగే అతనూ ఈవిడ పెంపుని ఆసులని చదివాడు. ఆసుల ముందు పడేయదగ్గ పెద్ద జత ఏదని వెతుక్కుని, ఒక అబద్ధం అల్లుకున్నాడు.

"షీడీ దగ్గర రాజులున్నాయని నిన్నటి నుంచీ అంతా అంటుంటే మీకు వినపడలేదా?"

"వినపడింది. పడేసిన ముక్కల గురించి ఈ ఆటలో అందరూ అబద్ధాలే చెబుతారు తల్లీ. నేను చెప్పలేదూ? దాన్నెవరు పట్టించుకుంటారు?" ఇటా కాస్త ముందుకు వంగింది. "కానీ ఒకటి చెబుతాను. నా దగ్గర ఆసులుంటే నేను వాడి మొహం చూసేదాన్ని కాదు. రాజులు కాబట్టి, వాడి దగ్గర ఆసులున్నాయేమో అని చచ్చే భయంతో వాణ్ణే చూస్తూ కూర్చున్నా. నిజంగా తేల్చుకోలేని మనిషి ఒకసారి చిప్స్ చూస్తాడు, ఒకసారి నా మెడ చూస్తాడు, నా చేతులు వణుకుతున్నాయా అని చూస్తాడు. వాడు నాకేసి ఒక్కసారి కూడా చూడలేదు. నా వెనకున్న తలుపునే చూస్తూ కూర్చున్నాడు."

"నడవా తలుపు?"

"అదే. మా పక్కనున్న కెర్రీ రైతు విసిగిపోయి రెండుసార్లు గడియారం అడిగాడు. ఎవరైనా మరీ సాగదీస్తే అలా అడగొచ్చు. అడిగితే టోర్నమెంటు నడిపే మనిషి వచ్చి, ఒక్క నిమిషమే గడువని చెప్పాలి."

"వచ్చి చెప్పాడా?"

"రాలేదు."

జార్లత్ క్విర్క్ ఆ సేపంతా హాల్లోనే, ఇటా టేబుల్ పక్కనే నిలబడ్డానని చెప్పాడు. ఆయన గొంతు మైకులో విన్నామని అందరూ సాక్ష్యం చెప్పారు. అందుకే ప్రంటీ ఆటగాళ్ళని లెక్కపెట్టాడు గాని, ఆట నడిపే మనిషిని లెక్కపెట్టలేదు. ఊనా ఆ మైకు మాటే అంది.

"గొంతు వినపడిన మాట నిజమే. రెండో టేబుల్ దగ్గర ఆట నడుస్తోంది, ఓపిక పట్టండి అంది. చేతిలో పట్టుకు తిరిగే మైకు కదా, నడవాలోంచి మాట్లాడినా ఇక్కడ మోగుతుంది. మైకు మాట్లాడుతుంది గాని వినదు తల్లీ. ఇక్కడ గడియారం అడిగారని దానికేం తెలుసు?" ఇటా ఊనా మొహంలోకి చూసి, గొంతు తగ్గించింది. "కాసేపటికి ఆ తలుపు తీసుకుని జార్లత్ లోపలికొచ్చాడు. వాడు అలా కనపడ్డాడో లేదో షీడీ ముక్కలు విసిరేశాడు. హమ్మయ్య అనుకుని నేను చిప్స్ దగ్గరికి లాక్కున్నా. నిన్నంతా గెలిచిన సంతోషంలోనే ఉన్నానమ్మా. దేవుడు నన్ను క్షమించాలి."

ఊనా మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళ సంగతి మరిచిపోయింది. ప్రంటీ కుర్చీల గదిలో ఒక్కడే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. షీడీ ఆటని ఆపిపట్టిన సేపట్లో క్విర్క్ నడవాలోంచి వెళ్ళి, తన గుట్టు బయటపెట్టబోతున్న ఫింటన్‌ని తోసి వచ్చాడని చెప్పింది. మొదట అతను ఒప్పుకోలేదు. ఇటా తనతో ఆసులని చెప్పింది కదా అని రెండుసార్లు అన్నాడు. ఒక హత్యని తప్పుగా చదివినందుకంటే, ఆ ముసలావిడ చేతిలో మోసపోయినందుకే అతనికి ఎక్కువ బాధగా ఉన్నట్టుంది.

"అట్రాక్టా ఎక్కడ సార్?"

"ఇంటికి పంపించాను. స్నానం చేసి, లాయర్ని తీసుకుని ఆరింటికి స్టేషన్‌కి రమ్మన్నాను. ఎక్కడికీ పారిపోయే మనిషి కాదు కదా."

"బస్సులో వెళ్ళిందా?"

ప్రంటీ ఫోను కిందకి దించాడు. "క్విర్క్ దింపుతానన్నాడు. గంట దాటింది."

"ఫింటన్ పోగొట్టుకుంటానన్న ఆ స్నేహితుడి మాట ఆమె మీతో చెప్పిందా?"

"చెప్పింది. ఎవరా స్నేహితుడని నేను గట్టిగానే అడిగాను."

"అప్పుడు గదిలో ఎవరున్నారు?"

ప్రంటీ బల్లకేసి చూశాడు. క్విర్క్ తెచ్చిన టీ పళ్ళెం ఇంకా అక్కడే ఉంది.

"ఆమె కిల్కీ దగ్గర సముద్రపు కొండకొమ్ము మీంచి దూకిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు" అంది ఊనా. "నేనే చంపానని పొద్దుట్నుంచీ చెబుతోంది. మీ కేసు కూడా ముగిసిపోతుంది."

ప్రంటీ అప్పటికే కిల్కీ స్టేషన్‌కి ఫోను కలుపుతూ నడవాలోకి పరిగెత్తాడు. ఊనా అట్రాక్టా నెంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. కట్ అయిపోతుందనుకున్న క్షణంలో ఆమె ఎత్తింది. వెనక గాలి హోరుమంటోంది.

"అట్రాక్టా గారూ, ఎక్కడున్నారు?"

"కిల్కీ దాటేశాం. లూప్ హెడ్ కొండకొమ్ము దగ్గర. ఫింటన్‌కి ఇష్టమైన చోటట, ఒక్కసారి చూసి వెళ్దామన్నాడు జార్లత్. నాకెప్పుడూ చెప్పలేదు ఫింటన్."

"జార్లత్ మీ పక్కనే ఉన్నాడా?"

"దిగాడు. ముందుకెళ్ళి అంచుదాకా చూసి వస్తున్నాడు. నన్ను రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఫోను సీటు మీదే పెట్టి రమ్మన్నాడు, గాలికి ఎగిరిపోతుందని."

"దిగొద్దు. తలుపులు లాక్ చేసుకోండి. ఇప్పుడే."

"ఎందుకు?" ఆ అడగడంలో భయం లేదు. అదే ఊనాని భయపెట్టింది. బతకమని ఎంత గట్టిగా చెప్పినా ఈ మనిషికి ఎక్కదు. ఇంకేదైనా చెప్పాలి, అదీ ఒక్క ఊపిరిలో చెప్పాలి.

"ఫింటన్‌ని చంపింది మీ మాట కాదు. ఆ స్నేహితుడు. పోగొట్టుకుంటానన్న స్నేహితుడు. మీరు పోతే ఆ సంగతి చెప్పే మనిషి ఇంకెవరూ ఉండరు. ఫింటన్‌ని పెళ్ళాం చంపిందనే లోకం చెప్పుకుంటుంది."

అవతల గాలి తప్ప ఏమీ లేదు. ఊనా ఫోనుని చెవికేసి అదుముకుని, రెండో చేత్తో కుర్చీ వీపు పట్టుకుంది. తర్వాత కారు తలుపు మూసిన చప్పుడు, వెంటనే తాళాలు నాలుగూ ఒక్కసారిగా పడ్డ చప్పుడు. గాలి ఆగిపోయింది.

"తాళంచెవి ఆయన దగ్గరుందా?"

"లేదు. బండికే ఉంది. హీటర్ నడవాలని..." అట్రాక్టా గొంతు మొదటిసారి వణికింది. "నాకు డ్రైవింగు రాదు ఊనా గారూ."

"పర్లేదు. మా వాళ్ళు బయల్దేరారు. ఫోను మాత్రం పెట్టేయకండి. నాతో మాట్లాడుతూనే ఉండండి."

అద్దం మీద వేళ్ళతో మెల్లగా తట్టిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే మనిషి గొంతు, అద్దం అవతలినుంచి, ఎంతో మెత్తగా.

"అట్రాక్టా, తలుపు తియ్యమ్మా. ఎవరితో మాట్లాడుతున్నావు?"

రెండోసారి అద్దానికి తగిలింది వేళ్ళు కాదు. రాయి.